మా వీధి రోడ్డుకు డబ్బు ఏ పద్దులో నుంచి రావాలి?

ప్రశ్న: మాది కర్నూలు నగరంలో కల్లూరు వైపు ఒక కాలనీ. మా వీధి పొడవు 180 మీటర్లు, వెడల్పు నాలుగు మీటర్లు. 46 ఇళ్లున్నాయి. సీసీ రోడ్డు వేసి పదహారేళ్లయింది. పెచ్చులు లేచి కంకర తేలింది, వానొస్తే కాలువ నీళ్లు రోడ్డెక్కుతున్నాయి. రెండేళ్లుగా అర్జీలు ఇస్తున్నాం. ఒకసారి నిధులు లేవన్నారు, ఇంకోసారి వచ్చే బడ్జెట్‌లో చూద్దామన్నారు. ఇంతలో మా పక్క వీధిలో బాగానే ఉన్న తారు రోడ్డు మీద మళ్లీ తారు వేశారు. కార్పొరేషన్ ఏ లెక్కన వీధులను ఎంచుతుంది? ఇంటికింత అని చందా వేసుకుని మేమే వేయించుకోవచ్చా?

సమాధానం: మీ అర్జీలు చేరాల్సిన చోటికే చేరాయి. చిక్కేమిటంటే అర్జీ కదిలించే పద్దు వేరు, కొత్త రోడ్డుకు డబ్బిచ్చే పద్దు వేరు. వార్డు సచివాలయంలో రాసిచ్చినా, పురమిత్ర యాప్‌లో ఫొటో పెట్టినా, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌ (ప్రజా సమస్యల పరిష్కార వేదిక)కు వెళ్లినా, గుంత పడిందన్న మాట నిర్వహణ ఫిర్యాదుగానే నమోదవుతుంది. వసతుల కార్యదర్శి వచ్చి చూస్తారు. మరమ్మతుల నిధి నుంచి నాలుగు తట్టల కాంక్రీటు పోయిస్తారు. ఫిర్యాదు పరిష్కారమైందని మూసేస్తారు. రికార్డు ప్రకారం మీ సమస్య తీరిపోయింది. మీరు మళ్లీ అర్జీ ఇస్తే మళ్లీ అదే తిరుగుతుంది.

వీధి మొత్తం తవ్వి కొత్తగా వేయడం మూలధన పని. దానికి ఎస్టిమేటు తయారవ్వాలి, పరిపాలనా ఆమోదం రావాలి, ఆ ఏడాది బడ్జెట్‌లో ఒక పద్దు కింద డబ్బు ఉండాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా కమిషనర్ తలచుకున్నా పని మొదలవ్వదు. అందుకే మీ అర్జీలో అడగాల్సిన మాట మారాలి. "రోడ్డు బాగుచేయండి" అని రాస్తే మరమ్మతు జరుగుతుంది. "ఫలానా వీధికి, ఫలానా చోటి నుంచి ఫలానా చోటి వరకు 180 మీటర్ల సీసీ రోడ్డు పునర్నిర్మాణానికి కొలతలు తీసి ఎస్టిమేటు తయారు చేయించండి" అని రాస్తే అది ఇంజనీరింగ్ విభాగంలో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) బల్ల మీదికి పని ప్రతిపాదనగా వెళ్తుంది.

దానికి ముందు ఒక విషయం తేల్చుకోండి. ఆ వీధి కార్పొరేషన్‌దేనా? నగరంలో కనిపించే రోడ్లన్నీ కార్పొరేషన్‌వి కావు. జాతీయ రహదారులకు, ఆర్‌ అండ్‌ బీ రోడ్లకు వాళ్ల ఎస్టిమేట్లు, వాళ్ల నిధులు వేరే ఉంటాయి. కాలనీ లోపలి వీధి కాబట్టి మీకు ఆ తగవు ఉండకపోవచ్చు. నగరం అంచు కాలనీల్లో ఉండేది ఇంకో తగవు. అనుమతి లేని లే-అవుట్ అయితే, లేదా అనుమతి ఉన్నా లే-అవుట్ వేసినవాళ్లు రోడ్ల స్థలాన్ని దానపత్రం ద్వారా పురపాలక సంస్థకు రిజిస్టరు చేయకపోతే, ఆ స్థలం కాగితాల మీద ఇంకా ప్రైవేటుదే. ప్రైవేటు స్థలంలో ప్రజాధనం పెట్టారని ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందని ఇంజనీర్లు వెనకాడతారు. ఆ మాట మీతో నేరుగా అనకుండా "నిధులు లేవు" అనేస్తారు. టౌన్‌ప్లానింగ్ విభాగంలో మీ లే-అవుట్ నంబరు, దానపత్రం ఉన్నాయో లేవో కనుక్కోండి. మీ వీధిలో పదహారేళ్ల క్రితమే ప్రభుత్వ డబ్బుతో సీసీ వేసి ఉంటే ఆ పాత పని రికార్డే మీకు బలమైన ఆధారం. కార్పొరేషన్ ఆ వీధిని అప్పుడే తనదిగా చూసుకుందని అర్థం. తనదని తేలాక తప్పించుకోవడం కుదరదు. హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 1955ని 1994 చట్టం ద్వారా మన కార్పొరేషన్లకూ వర్తింపజేశారు. ప్రజావీధులను వేయడం, బాగు చూసుకోవడం దాని ప్రకారం కార్పొరేషన్ తప్పనిసరి విధుల్లో ఒకటి.

ఇప్పుడు డబ్బు సంగతి. కార్పొరేషన్ సాధారణ నిధిలోకి ఆస్తిపన్ను, ఖాళీ స్థలాల పన్ను, నీటి చార్జీలు, భవన నిర్మాణ అనుమతుల రుసుములు, దుకాణాల అద్దెలు వస్తాయి. అందులో నుంచి ముందు పోయేవి జీతాలు, పారిశుద్ధ్య కార్మికుల వేతనాలు, వీధి దీపాలకూ నీటి పంపింగ్‌కూ కరెంటు బిల్లులు, నీటి శుద్ధి ఖర్చులు. ఇవి ఆగితే ఊరు ఒక్క వారంలో కంపు కొడుతుంది కాబట్టి వీటిని ఆపరు. రోడ్డు ఇంకో ఏడాది ఆగినా ఊరు నడుస్తుంది. కొత్త పనులకు మిగిలేది అందుకే పలచగా ఉంటుంది. "నిధులు లేవు" అన్న మాటకు చాలాసార్లు అర్థం ఇదే.

ఆ మిగిలినదాన్ని పంచడంలో రెండు పద్ధతులు కనిపిస్తాయి. డివిజన్‌కి ఇంత అని సమానంగా పంచడం ఒకటి. కర్నూలులో 52 డివిజన్లున్నాయి. డివిజన్‌కు పది లక్షలు అనుకుంటే మొత్తం 5 కోట్ల 20 లక్షలవుతుంది. అంత డబ్బు ఖర్చయినా ఏ డివిజన్‌లోనూ ఒక పెద్ద వీధి పూర్తిగా బాగుపడదు, అన్ని చోట్లా ముక్కలు పడతాయి. వీధుల పరిస్థితిని కొలిచి, జాబితా వేసి, పైనుంచి కిందికి పోవడం రెండో పద్ధతి. మా మాట అడిగితే రెండోదే సరైనది. మొదటిది న్యాయంగా కనిపిస్తుంది గానీ, మీ వీధిలాంటి 180 మీటర్ల పనిని రెండు మూడేళ్లకు ముక్కలు చేసి పెడుతుంది. ముక్క ముక్కకూ మధ్య మట్టం తేడాలు వచ్చి అక్కడే నీళ్లు నిలుస్తాయి. మీ వీధిని ముక్కలుగా వేస్తామంటే ఒప్పుకోకండి. ఒకే ఎస్టిమేటుగా పెట్టించండి, ఒక ఏడాది ఆలస్యమైనా ఫరవాలేదు.

పక్క వీధి మీద మీకున్న కోపం అర్థమవుతోంది. కానీ అక్కడ జరిగింది తప్పో ఒప్పో చూడగానే చెప్పలేం. సగం బాగున్న తారు రోడ్డు మీద పలచటి పొర వేయడం ఇంజనీరింగ్ లెక్కలో మంచి ఖర్చే. తారు పైపొరలో పగుళ్లు మొదలయ్యాయంటే ఇక నీళ్లు లోపలికి దిగి కింద పొరలను మెత్తబరుస్తాయి. అప్పటిదాకా నెమ్మదిగా పాడైన రోడ్డు అక్కడి నుంచి ఒకటి రెండు వానాకాలాల్లోనే కూలిపోతుంది. ఆ దశకు ముందే పైపొర వేస్తే కింద పొరలు బతుకుతాయి. 180 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు తారు రోడ్డుకు 30 మిల్లీమీటర్ల పొర అంటే 32 ఘనపు మీటర్ల మిశ్రమం, సుమారు 75 టన్నులు. ఒక్క రోజు పని. మీ వీధికి అయ్యే ఖర్చులో అది చిన్న భాగం. మీ వీధి ఆ దశ ఎప్పుడో దాటిపోయింది, పైపొరతో బతకదు. ఎక్కువ పాడైన వీధికే ముందు డబ్బు పెట్టాలనే పట్టుదలతో పోతే, బాగున్న వీధులన్నీ వరసగా మీ వీధి స్థితికి వస్తాయి. ఏ నగరమూ అంత ఖర్చు భరించలేదు.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు. రోడ్డు వేసిన గుత్తేదారుకు లోపాల బాధ్యత కాలం ఉంటుంది. మన రాష్ట్ర పనుల్లో సాధారణంగా రెండేళ్లు. ఆ గడువులో పొర లేస్తే గుత్తేదారే తన ఖర్చుతో వేయాలి. పక్క వీధిలో అదే జరిగి ఉంటే కార్పొరేషన్‌కు పైసా ఖర్చు కాలేదు. అలా కాకుండా, ఆరు నెలల్లో పైపులైను తవ్వబోతున్న వీధిలో తారు పోసి ఉంటే అది నిజంగా దుబారా. ఈ మూడింటిలో ఏదో తేలాలంటే సమాచార హక్కు దరఖాస్తు ఒక్కటే దారి. ఆ వీధి పని ఎస్టిమేటు నకలు, ఏ పద్దు, పరిపాలనా ఆమోదం తేదీ, కొలతల పుస్తకం పేజీలు, అంతకుముందు రోడ్డు వేసిన తేదీ అడగండి. రుసుము పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేసుకోవచ్చు.

మీ వీధి జాబితాలో పైకి రావాలంటే దాని పరిస్థితిని అంకెల్లో చూపించాలి. "ఘోరంగా ఉంది" అని ప్రతి వీధివాళ్లూ రాస్తారు. సీసీ రోడ్డుకు లెక్క సులువు. నాలుగు మీటర్లకొక అడ్డ జాయింటు అనుకుంటే మీ 180 మీటర్లలో 45 ప్యానెళ్లు, అంటే జాయింటుకూ జాయింటుకూ మధ్య పలకలు. సున్నంతో ఒకటి నుంచి 45 దాకా అంకెలు వేయండి. ఒక నోటుపుస్తకంలో ప్రతి ప్యానెల్ ఎదురుగా రాసుకోండి: మూలన పగిలిందా, నడిమికి చీలిందా, కంకర తేలిందా, కుంగిందా, దాని మీద నీళ్లు నిలుస్తున్నాయా. ఒక్కో ప్యానెల్‌కు ఒక ఫొటో, అంకె కనిపించేలా. నాలుగో వంతు కన్నా తక్కువ పగిలి ఉంటే ఆ ప్యానెళ్లను మాత్రమే తవ్వి మార్చమని అడగడం ధర్మం, డబ్బూ త్వరగా దొరుకుతుంది. సగం దాటితే ముక్కలు మార్చడం దండగ, మొత్తం మార్చాల్సిందే. 45లో 30 పోయాయని కాగితం మీద కనిపిస్తే ఏఈ దాన్ని తన నోట్‌లో యథాతథంగా ఎత్తి రాసుకోగలుగుతారు. మీరు చేసే సాయం అదే. ఆయన డివిజన్లన్నీ తిరుగుతూ ప్రతి వీధికీ ఈ లెక్క తీయలేరు.

రోడ్డు కన్నా ముందు దాని కింద ఉన్నవాటి సంగతి చూడాలి. ఇక్కడ మీరే కాస్త ఓపిక పట్టాలి, ఎందుకంటే కొత్త సీసీ వేసిన మూడు నెలలకే పైపు కోసం తవ్విన వీధులు మన నగరాల్లో కనిపిస్తాయి. నీటి పైపు ఎప్పటిది? తరచూ లీకవుతోందా? నగరాల కోసం కేంద్రం పెట్టిన అమృత్ పథకం కింద తాగునీటికో, భూగర్భ మురుగుకో మీ వైపు పైపులు వేసే ప్రతిపాదన ఉందా? 2015లో మొదలైన ఆ పథకంలో నీరు, మురుగు పనులు ఉంటాయి గానీ రోడ్లు ఉండవు. పైపులు వేశాక తవ్విన మేరకు గాడి పూడ్చి పోతారు, అంతే. అలాంటి ప్రతిపాదన ఉంటే రోడ్డును దాని వెనక పెట్టమనండి. లేకపోతే "మరో మూడేళ్లు ఈ వీధిని తవ్వే పని ఏదీ లేదు" అని నీటి సరఫరా విభాగం నుంచి నోట్ పెట్టించండి. పాత పైపు మార్చాల్సి ఉంటే రోడ్డుకన్నా ముందే మార్చాలి. ప్రతి ఇంటి కనెక్షన్‌నూ రోడ్డు అడ్డంగా దాటించి గడప పక్కకు చేర్చి మూత పెట్టాలి. ఖాళీ ప్లాట్లకూ అంతే. రేపు అక్కడ ఇల్లు కట్టినవాళ్లు మొదట చేసే పని కొత్త సీసీని కోయడమే.

కాలువ సంగతి ఇంకా ముఖ్యం. మీరు రాసిన "కాలువ నీళ్లు రోడ్డెక్కడం" రోడ్డు జబ్బు కాదు, కాలువ జబ్బు. రోడ్డు మార్చినా అది పోదు. కాలువకు కనీసం 300 మీటర్లకు ఒక మీటరు వాలు కావాలనుకుంటే, మీ 180 మీటర్లకు ఈ కొసకూ ఆ కొసకూ 60 సెంటీమీటర్ల తేడా ఉండాలి. చివర కలిసే పెద్ద కాలువ అడుగు అంత లోతులో ఉందా? లేకపోతే ఎంత మంచి కాలువ కట్టినా నీళ్లు వెనక్కే తన్నుతాయి. ఏఈని లెవెల్ పరికరంతో ఆ రెండు చోట్లా మట్టాలు తీయమనండి. ఆ రెండు అంకెలు లేకుండా తయారైన ఎస్టిమేటు పనికిరాదు. బేతంచెర్ల నాపబండలు మూతలుగా పరిచిన పాత కాలువలైతే, ఇళ్ల మెట్లు, ర్యాంపులు వాటి మీదికే వచ్చి పూడిక తీయడానికి చోటుండదు. పని మొదలయ్యే నాటికి ఎవరి మెట్లు వాళ్లు వెనక్కి తీసుకోవాలి. ఈ ఒక్క విషయం మీద ఇరుగుపొరుగు ముందే కూర్చుని మాట్లాడుకోకపోతే మంజూరైన పని కూడా ఆగుతుంది. నాలుగు మీటర్లని ఎస్టిమేటులో రాసి, చోటు లేక మూడున్నరే పోసి వెళ్లిపోవడానికి కారణం చాలాసార్లు మన గడపలే.

ఇక ఎస్టిమేటులో ఏముండాలి. పాత సీసీ మీదే కొత్తది పోస్తామంటే వద్దనండి. ఆరంగుళాలు రోడ్డు లేచిందంటే ఆ మేరకు మీ గడపలు పల్లమవుతాయి, వాననీళ్లు వరండాలోకి వస్తాయి. పాతది తవ్వి తీసేయడం ఎస్టిమేటులో విడి పద్దుగా ఉండాలి. పాత మందం 100 మిల్లీమీటర్లయితే 72 ఘనపు మీటర్ల కాంక్రీటు. పగలగొడితే పొంగి వంద ఘనపు మీటర్లకు వస్తుంది, అంటే ఇరవై టిప్పర్ల దాకా. ఈ తరలింపు ఖర్చు రాయకపోతే ఆ గడ్డలన్నీ మీ వీధి చివర ఖాళీ ప్లాటులోనే ఉండిపోతాయి. దాని కింద నేల చూడాలి. నల్లరేగడి అయితే వేసవిలో ముడుచుకుని, వానకు ఉబ్బి పైనున్న ప్యానెల్‌ను ఎత్తి విరుస్తుంది. ఒక అడుగు తీసేసి గరుసు నింపి రోలర్‌తో తొక్కించాలి. మీ వీధికి అది 216 ఘనపు మీటర్లు. ఎర్రనేల, గట్టినేల అయితే ఇది అక్కర్లేదు. ఆ పైన 150 మిల్లీమీటర్ల జీఎస్‌బీ (కంకర, గరుసు కలిపి తొక్కించిన పునాది పొర), 108 ఘనపు మీటర్లు. ఆ పైన పాలిథీన్ షీటు, దాని మీద ఎం-30 గ్రేడు (గట్టితనం స్థాయి) కాంక్రీటు 150 మిల్లీమీటర్లు, మరో 108 ఘనపు మీటర్లు. కాంక్రీటు కలిపి తెచ్చే ఆరు ఘనపు మీటర్ల మిల్లర్ లారీలైతే పద్దెనిమిది. మీ వీధిలో ఇసుక టిప్పర్లు, నీళ్ల ట్యాంకర్లు రోజూ తిరుగుతుంటే మందం 200 చేయించాలి. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు పదహారు రెట్లు. ఒక్క టిప్పర్ చేసే నష్టం ముందు మీ బైకులన్నీ లెక్కలోకే రావు.

ఈ పరిమాణాలను ఆ ఏడాది ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వం ఖరారు చేసే రేట్ల పట్టిక) రేట్లతో హెచ్చించి, 18 శాతం జీఎస్టీ, 1 శాతం కార్మిక సెస్సు, సీనరేజి (ఇసుక, కంకర లాంటి ఖనిజాల మీద ప్రభుత్వ రుసుము), నాణ్యత పరీక్షల ఖర్చు కలుపుతారు. పని విలువ 20 లక్షలైతే జీఎస్టీ, సెస్సులతోనే 23 లక్షల 80 వేలు అవుతుంది. పాత ఏడాది రేట్లతో తయారై పక్కన పడి ఉన్న ఎస్టిమేటును మళ్లీ సవరించాల్సిందే. లేకపోతే టెండరు పిలిచినా ఎవరూ వేయరు. గిట్టదని ఒక కారణం, బిల్లు ఎప్పుడొస్తుందోనన్న భయం ఇంకో కారణం. రెండుసార్లు టెండరు పిలిచినా ఎవరూ రాలేదన్న జవాబు మీకొస్తే, అడగాల్సిన ప్రశ్న "ఎస్టిమేటు ఏ ఏడాది రేట్లది? డబ్బు చేతిలో ఉన్న పద్దా, రాబోయే పద్దా?" అని.

ఎస్టిమేటు ఏఈ, ఆయన పైన డీఈ, ఆ పైన ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్)ల మీదుగా కమిషనర్‌కు వెళ్తుంది. మొత్తాన్ని బట్టి కమిషనర్, స్థాయీ సంఘం (కొందరు కార్పొరేటర్ల స్టాండింగ్ కమిటీ), కౌన్సిల్, ఆ పైన ప్రభుత్వం ఆమోదిస్తారు. పాలకవర్గం లేని కాలంలో ప్రత్యేకాధికారి ఆ అధికారాలను వాడతారు. కాబట్టి ఎన్నికలు అయ్యేదాకా ఏమీ కదలదన్న మాట నమ్మకండి. ఆ తర్వాత సాంకేతిక మంజూరు, ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో టెండరు, ఒప్పందం, పని అప్పగింత. కాలం ముఖ్యం: చట్టం ప్రకారం వచ్చే ఏడాది అంచనాలు నవంబరులోనే స్థాయీ సంఘం ముందుకు రావాలి. ఆచరణలో కాస్త ఆలస్యమైనా, ఫిబ్రవరి, మార్చిలో మీరు కార్పొరేటర్ దగ్గరికి వెళ్తే అప్పటికే జాబితా కుదిరిపోయి ఉంటుంది. ప్యానెళ్ల లెక్క ఆగస్టు, సెప్టెంబరులో తీయండి. వానల్లో నీళ్లు నిలిచిన ఫొటోలూ అప్పుడే దొరుకుతాయి. అక్టోబరు కల్లా ఏఈతో కొలతలు తీయించండి.

సాధారణ నిధిలో చోటు లేకపోతే వేరే తలుపులున్నాయి. ఆర్థిక సంఘం గ్రాంటు ఒకటి. 15వ ఆర్థిక సంఘం (2021–26) పది లక్షల లోపు జనాభా ఉన్న నగరాలకు ఇచ్చిన డబ్బులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యాలకు కట్టేసి, 40 శాతాన్నే జీతాలు తప్ప మిగిలిన స్థానిక అవసరాలకు విడిచింది. రోడ్డు ఆ 40లో నుంచే రావాలి. అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి. ఇక్కడ ఒక ఉపాయం ఉంది. మీ వీధిలో పాత నీటి పైపు మార్చాల్సి ఉంటే ఆ భాగాన్ని తాగునీటి వాటాలో విడి ఎస్టిమేటుగా పెట్టమనండి. అప్పుడు రోడ్డు పద్దు మీద భారం తగ్గుతుంది, పైపు ముందూ రోడ్డు వెనకా అన్న వరసా కుదురుతుంది. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కాబట్టి, ఏ వాటాకు ఏ షరతో ఆ ఏడాది మార్గదర్శకాలు చూసి మాట్లాడండి. వీధి ఎస్సీ కాలనీలో ఉంటే 2013 ఉపప్రణాళిక చట్టం కింది నిధులు ఇంకో తలుపు.

ఎంపీ నిధులు మరొకటి. ఒక్కో ఎంపీకి ఏటా 5 కోట్లు. ఎంపీ సిఫారసు లేఖ కలెక్టర్‌కు వెళ్తుంది, పని అక్కడి నుంచి మంజూరవుతుంది. కల్లూరువాళ్లు ఇక్కడ తరచూ పొరపడతారు. కర్నూలు నగరం ఒకే అసెంబ్లీ నియోజకవర్గంలో లేదు. కొన్ని డివిజన్లు కర్నూలులో, కల్లూరు వైపువి పాణ్యంలో, కొద్ది డివిజన్లు కోడుమూరులో ఉన్నాయి. పాణ్యం నంద్యాల లోక్‌సభ పరిధిలోది. మీరు కర్నూలు నగరంలో, కర్నూలు జిల్లాలో ఉన్నా, లేఖ అడగాల్సింది పాణ్యం ఎమ్మెల్యేను, నంద్యాల ఎంపీని. కర్నూలు ఎంపీ కార్యాలయం చుట్టూ తిరిగితే పరిధి కాదని పంపేస్తారు. లోక్‌సభ అభ్యర్థికి మీరు ఓటు ఏ నియోజకవర్గంలో వేశారో గుర్తుచేసుకుంటే చాలు. లేఖతో పాటు ఎస్టిమేటు నకలు పెట్టండి. అంకె లేని లేఖకు కలెక్టరేట్ నుంచి మళ్లీ ఎస్టిమేటు అడుగుతూ కాగితం వెనక్కి వస్తుంది, అందులోనే రెండు నెలలు పోతాయి.

చందా గురించి. మీరే గుత్తేదారును పెట్టి ప్రజావీధిలో రోడ్డు వేయించకండి. అనుమతి లేకుండా ప్రజావీధిని తవ్వడమే తప్పు. మట్టాలు తేడా వస్తే కింది ఇళ్లవాళ్లతో తగాదా. నాణ్యత పరీక్ష ఉండదు, లోపాల బాధ్యత ఎవరికీ ఉండదు, పైగా కార్పొరేషన్ రికార్డులో "ఈ వీధికి రోడ్డు ఉంది" అని పడి మీ వంతు పదేళ్లు వెనక్కి పోతుంది. మీ పక్షాన డబ్బు పెట్టాలనే ఉంటే ఎస్టిమేటులో ఒక భాగానికి ప్రజల వాటాగా కార్పొరేషన్ ఖాతాలో జమ చేసి రసీదు తీసుకోండి. ఏ పనికి జమ చేశారో రసీదులోనే రాయించుకోండి. అందరూ చందా ఇవ్వలేరు. వీధిలో అద్దెకున్నవాళ్లను, ఒంటరి ముసలివాళ్లను ఇబ్బంది పెట్టకండి, ఇచ్చినవాళ్ల జాబితా గోడకు అంటించకండి. చందా కన్నా ముందు చేయదగ్గది ఆస్తిపన్ను బకాయిలు తీర్చడం. పన్ను కట్టిన వీధికే రోడ్డు వేయాలని చట్టం చెప్పదు, చెప్పకూడదు కూడా. కానీ 46 అసెస్‌మెంట్ నంబర్లూ, బకాయి లేదన్న వరసా మీ కాగితంలో ఉంటే స్థాయీ సంఘంలో మీ తరఫున మాట్లాడేవాళ్లకు మాట బలం వస్తుంది. ఏప్రిల్‌లో ఏడాది పన్ను మొత్తం ఒకేసారి కట్టేస్తే 5 శాతం రాయితీ ఎలాగూ ఉంటుంది.

పని మొదలైన రోజు నుంచి వీధిలో ఇద్దరు ముగ్గురు వంతులేసుకుని చూడండి. కాంక్రీటు పోయకముందే ఇనుప టేపుతో మందం కొలవండి, అంచుల దగ్గర ఒక్కచోటే కాదు, మధ్యలోనూ. దారి మధ్య నుంచి అంచుకు రెండు మీటర్లలో 40 మిల్లీమీటర్ల వాలు ఉండాలి. జారుగా ఉంటే సులువుగా పరచుకుంటుందని లారీలో అదనంగా నీళ్లు కలపనివ్వకండి, తర్వాత పైన పొడి లేచేది దానివల్లే. పోసిన 24 గంటల లోపు నాలుగు మీటర్లకొకచోట మందంలో మూడో వంతు లోతున జాయింట్లు కోయాలి, మీ వీధికి 44 కోతలు. ఆలస్యమైతే కాంక్రీటే తనకు నచ్చినచోట చీలుతుంది. మే నెల ఎండలో పగటిపూట పోయనివ్వకండి. సాయంత్రం పోసి, తడి గోనెసంచులు కప్పి, మర్నాటి నుంచి మట్టిగట్లు కట్టి కనీసం 14 రోజులు నీళ్లు నిలపాలి. బరువు బండ్లు 28 రోజులదాకా రాకూడదు. ఈ నాలుగు వారాలూ పాలబండి, ఆటో వీధి మొదట్లోనే ఆగాలి. ముందే చెప్పుకుంటే సర్దుకుంటారు. పోసిన ప్రతి రోజూ కనీసం ఒక నమూనా కింద మూడు ఘనాలు (గట్టితనం పరీక్షకు పోసే కాంక్రీటు దిమ్మెలు) తీశారో లేదో చూసి తేదీ రాసి పెట్టుకోండి. కాంక్రీటు అంచుకూ కాలువ గోడకూ మధ్య జానెడు మట్టి వదిలేస్తే, నీళ్లు అక్కడే దిగి మూడో వానాకాలానికి అంచులు విరుగుతాయి. ఆ సందు కూడా కాంక్రీటుతో నింపించండి.

అనుమానం వస్తే వాదనకు దిగకండి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేయడానికీ, వాడిన సామగ్రి నమూనాలు తీసుకోవడానికీ మీకు హక్కుంది. ఆ సెక్షన్ పేరు రాసి ఈఈకి దరఖాస్తు ఇస్తే చాలాసార్లు కొలతలు మీ ఎదుటే మళ్లీ తీస్తారు. బిల్లు చెల్లించకముందే ఇవ్వాలి, చెల్లించాక మిగిలేది లోపాల బాధ్యత కాలం మాత్రమే. పని పూర్తయినట్టు నమోదైన తేదీ, ఆ బాధ్యత ముగిసే తేదీ అడిగి తెలుసుకుని, వీధి మొదట్లో గోడ మీద పని పేరు, మొత్తం, గుత్తేదారుతో పాటు ఆ రెండు తేదీలూ రాయించండి. రెండో వానాకాలం ముగియగానే, గడువుకు నెల ముందు, అవే 45 ప్యానెళ్లనూ మళ్లీ లెక్కపెట్టి, పగిలినవాటి అంకెలతో ఈఈకి రాయండి.